గోధుమ మానితే బరువు తగ్గుతుందా, పెరుగుతుందా?

(బి.ఎస్సి. చివరి సంవత్సరం విద్యార్థి)

"లంఖణం పరమౌషధం" అన్నారు మన పెద్దలు. ఆ మాట పుట్టిన కాలంలో ఒళ్ళు తగ్గించుకోవలసిన అవసరం మన మెట్ట ప్రాంతంలో ఎందరికి ఉండేదో ఊహించుకోవచ్చు. ఈనాడు మా పామిడి వంటి చిన్న పట్నంలో కూడా బరువు గురించి మాట్లాడని ఇల్లు లేదు. "రాత్రికి అన్నం మానేసి రెండు చపాతీలు తిను" అంటారు ఒకరు. "గోధుమే అన్నిటికీ మూలం, అది మానేసి కొర్రలు తిను" అంటారు మరొకరు. ఈ రెండు సలహాలూ ఒకే అరుగు మీద వినిపిస్తుంటాయి.

ఇందులో ఏది నిజం? గోధుమ పడని మనుషులు నిజంగా ఉన్నారా? ఉంటే వాళ్ళు గోధుమ మానినప్పుడు ఒళ్ళు తగ్గుతుందా, వస్తుందా? వృక్షాహారం మీదనే బతికే మనిషి ఆ స్థితిలో ఏమి తినాలి? ఈ ప్రశ్నలకు నేను చదివి తెలుసుకున్న మేరకు జవాబు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గోధుమ మన పళ్ళెంలోకి వచ్చిన దారి

అనంతపురం జిల్లాలో ఏటా పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పెన్న ఒడ్డున ఉన్నామన్న మాటే గాని మా చేలు చాలామటుకు వానను నమ్ముకున్న చేలు. మా తాతల కాలంలో ఆ చేలలో కొర్ర, జొన్న, సజ్జ, అరిక, సామ పండేవి. నీరున్న చోట రాగి. తరువాత శనక్కాయ వచ్చి చిరుధాన్యాలను పక్కకు నెట్టింది. 1983లో రెండు రూపాయలకే కిలో బియ్యం పథకం వచ్చాక సంగటి ముద్ద స్థానంలో అన్నం కూర్చుంది. గోధుమ మా చేలలో పండే పంట కాదు. అది ఉప్మా రవ్వగా, బిస్కట్టుగా, బన్నుగా, పరోటాగా వచ్చింది. హైదరాబాదు–బెంగుళూరు రహదారి పక్కనున్న ధాబాలు దాన్ని రుచి చూపించాయి. ఆ తరువాత చక్కెర జబ్బు వచ్చి, చపాతీని మందుగా మార్చింది. ఇలా ఒక్క తరంలోనే, పండుగకు ఓళిగలు చేసుకున్నప్పుడు తప్ప గోధుమ ఎరగని ఇళ్ళలో అది రోజువారీ తిండి అయిపోయింది.

గ్లూటెన్ అంటే ఏమిటి?

ఇది ఎవరైనా ఇంట్లో చేసి చూడదగిన ప్రయోగం. గుప్పెడు గోధుమపిండిని చపాతీ ముద్దలాగా తడిపి అరగంట నాననివ్వండి. పలుచని గుడ్డలో కట్టి నీళ్ళలో పిసకండి. పాల వంటి నీళ్ళు వస్తాయి. అది పిండి పదార్థం. నీళ్ళు తేటపడేదాకా పిసికితే గుడ్డలో రబ్బరు లాగా సాగే జిగురు ముద్ద మిగులుతుంది. అదే గ్లూటెన్. ఇటలీ దేశస్థుడు బెక్కారి ఈ పని చేసి 1745లో ప్రకటించాడు. గ్లయాడిన్, గ్లూటెనిన్ అనే రెండు రకాల మాంసకృత్తులు కలిసి ఈ జిగురు ఏర్పడుతుంది.

ఇదే పని జొన్నపిండితో చేస్తే గుడ్డలో జిగురు ముద్ద మిగలదు. జొన్నరొట్టెకు మన అమ్మలు పిండిలో ఎసరు నీళ్ళు పోసి, అరచేత్తో తట్టడానికి కారణం ఇదే. సాగే జిగురు లేదు కనుక చపాతీలాగా కర్రతో పలుచగా ఒత్తబోతే విరుగుతుంది. రాగి, కొర్ర, సజ్జ, సామ, అరిక, ఊద, బియ్యం, మొక్కజొన్న, వీటిలో గోధుమ గ్లూటెన్ లేదు. గోధుమకు దగ్గర బంధువులైన బార్లీ, రై ధాన్యాలలో మాత్రం అటువంటి మాంసకృత్తులే ఉన్నాయి.

గోధుమ పడకపోవడం మూడు రకాలు

మొదటిది గోధుమ ఎలర్జీ. తిన్న కాసేపటికే దద్దుర్లు, వాపు, ఆయాసం రావచ్చు. రెండవది, జబ్బు పరీక్షలలో ఏమీ తేలకపోయినా గోధుమ తింటే కడుపు ఉబ్బరం, నొప్పి రావడం. ఇందులో కొందరి బాధకు గ్లూటెన్ కంటె గోధుమలో ఉండే ఫ్రక్టాన్ అనే పిండి పదార్థమే కారణమని తేలింది. మూడవది సీలియాక్ జబ్బు. అన్నిటికంటె లోతుగా దెబ్బ తీసేది ఇదే.

ఈ జబ్బును 1888లో లండను వైద్యుడు శామ్యూల్ గీ స్పష్టంగా వర్ణించాడు. తిండిలోనే దీని మందు ఉందని అతనికి తోచింది గాని ఏ తిండో పట్టుబడలేదు. హాలెండు పిల్లల వైద్యుడు విలెం డికె గోధుమ మీద అనుమానంతో ముందునుంచీ పరిశీలిస్తున్నాడు. రెండవ ప్రపంచయుద్ధం చివర 1944–45 చలికాలంలో ఆ దేశంలో ఘోరమైన కరువు వచ్చింది. రొట్టె దొరకలేదు. అంతటి కరువులో ఈ జబ్బున్న పిల్లలు కోలుకోవడం, రొట్టె తిరిగి దొరకగానే మళ్ళీ జబ్బు పడడం అతని అనుమానాన్ని బలపరిచాయి. 1950లో అతను తన పరిశోధన గ్రంథాన్ని సమర్పించాడు.

లోపల జరిగేది ఇది. మన ఎంజైములు గ్లూటెన్‌ను పూర్తిగా ముక్కలు చెయ్యలేవు. కొన్ని పొడుగు తునకలు మిగులుతాయి. చాలామందికి వాటివల్ల నష్టం లేదు. హెచ్.ఎల్.ఏ. డి.క్యూ.2 లేక డి.క్యూ.8 అనే వారసత్వ లక్షణం ఉన్నవారిలో కొందరికి మాత్రం శరీర రక్షణ వ్యవస్థ ఆ తునకలను శత్రువులుగా ఎంచి, సొంత ప్రేగు మీదనే యుద్ధం చేస్తుంది. మనం జంతుశాస్త్రంలో చదువుకున్న ఆంత్రచూషకాలు, చిన్నప్రేగు లోపలి గోడమీద వేళ్ళలాగా నిలబడి ఆహారసారాన్ని పీల్చేవి, అరిగి చదునైపోతాయి. పంట చేలో పీల్చు వేళ్ళు చచ్చిపోతే ఎరువు ఎంత వేసినా చెట్టు వాడిపోయినట్టే ఉంటుంది ఈ మనిషి స్థితి. ఇనుము పీల్చుకునే చోటు ముఖ్యంగా ఆంత్రమూలం; దెబ్బ ముందుగా తగిలేదీ అక్కడే. అందుకే విరేచనాలు లేకుండా, ఎంతకూ తగ్గని రక్తహీనత రూపంలోనే ఈ జబ్బు బయటపడవచ్చు.

ఇది దక్షిణాదికి రాని జబ్బా?

2016లో డాక్టర్ బి.ఎస్. రామకృష్ణ బృందం ఉత్తర, ఈశాన్య, దక్షిణ భారతాలలో 23 వేలకు పైగా పెద్దవాళ్ళను పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. సీలియాక్ జబ్బు ఉత్తరాన నూటికి ఒకరికి, దక్షిణాన వెయ్యికి ఒకరికి ఉన్నట్టు తేలింది. మరి వారసత్వ లక్షణం? అది ఉత్తరాన నూటికి 38 మందిలో, దక్షిణాన 36 మందిలో ఉంది. అంటే దాదాపు సమానమే! కొట్టొచ్చినట్టు కనపడే తేడా గోధుమలో ఉంది. ఉత్తరాన మనిషి రోజుకు తినే గోధుమ సగటున 455 గ్రాములు, దక్షిణాన 25 గ్రాములు.

ఈ అంకెలు చదివినప్పుడు నాకు మా పెద్దనాయన కూతురు గుర్తుకు వచ్చింది. మా బావ ఉద్యోగరీత్యా ఆమె పెళ్ళయ్యాక ఉత్తరాదిలో కాపురం పెట్టింది. అక్కడ మూడు పూటలా రొట్టె. రెండేళ్ళలో 47 కిలోల మనిషి 36 కిలోలకు దిగింది. మొదట్లో ఊరికి వస్తే "ఏమ్మా, బాగా సన్నబడినావే!" అని మెచ్చుకున్నారు. ఆమె మాంసం, గుడ్డు ముట్టదు కనుక, "ఆకులు అలములు తింటే కండ యాడనుంచి వస్తాది?" అని మరికొందరు తేల్చేశారు. రక్తం తక్కువని టానిక్కులు తాగించారు. నీరసం తగ్గాలని మరో రెండు చపాతీలు ఎక్కువ పెట్టారు. చివరకు ఒక పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష, ఎండోస్కోపీ చేసి సీలియాక్ అని చెప్పారు. గోధుమ ఎక్కువ తిన్నందుకే ఆమెకు జబ్బు వచ్చిందని ఖచ్చితంగా అనలేము. కాని ఆమె మాంసం తినకపోవడానికీ, ఆ చిక్కిపోవడానికీ సంబంధం లేదని మాత్రం తరువాత స్పష్టమైంది. మాంసం ముట్టకుండానే, గోధుమ మాని మన మెట్ట ధాన్యాలకు మారిన ఏడాదికి ఆమె 44 కిలోలకు చేరింది.

తూకం చెప్పే రెండు కథలు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. సీలియాక్ ఉన్న మనిషి గోధుమ మానితే ప్రేగు మానుతుంది, తిన్నది ఒంటబడుతుంది, పోయిన బరువు తిరిగి వస్తుంది. ఆ జబ్బు లేని మనిషి గోధుమ మానితే ఒక్కోసారి బరువు తగ్గుతాడు. కాని అది గ్లూటెన్ పోయినందువల్ల కాదు. గోధుమతో పాటు పరోటా, పఫ్ఫు, బిస్కట్టు, వాటిలోని నూనె, చక్కెర కూడా పోయాయి. శరీరంలోని ఒక కిలో కొవ్వు సుమారు 7,700 క్యాలరీలు. తిన్నదానికంటె ఖర్చు ఎక్కువైతేనే అది కరుగుతుంది. గోధుమపిండి, బియ్యం, కొర్రలు, రాగులు, ఏది తూచినా 100 గ్రాములకు 320 నుండి 360 క్యాలరీల మధ్యనే ఉంటాయి. కాబట్టి కొర్రన్నం కడుపు నిండా తిని సన్నబడతామనుకోవడం భ్రమ. పీచు ఎక్కువ గనుక త్వరగా కడుపు నిండుతుంది, అంతవరకే.

అందువల్ల ఎవరైనా ప్రయత్నించకుండానే చిక్కిపోతుంటే దాన్ని అందం అనుకోరాదు. అటువంటప్పుడు, ముఖ్యంగా రక్తహీనత, నోటి పూత, పిల్లలలో ఎదుగుదల లేకపోవడం తోడైతే, వైద్యుణ్ణి అడగాలి. చేసే పరీక్ష టి.టి.జి. ప్రతిదేహాల రక్తపరీక్ష. అది అనుమానం చూపితే ఎండోస్కోపీ ద్వారా ఆంత్రమూలం నుండి చిన్న ముక్క తీసి చూస్తారు. ఇక్కడ మనవాళ్ళకు తప్పక తెలియవలసిన సంగతి ఒకటుంది: పరీక్షకు ముందు గోధుమ మానరాదు. మానితే ప్రతిదేహాలు తగ్గి, జబ్బు ఉన్నా లేనట్టు కనపడుతుంది.

మన చేలు చాలునా?

వృక్షాహారి అయిన సీలియాక్ రోగికి మన మెట్ట పంటలు దేవుడిచ్చిన వరం. 100 గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. ఈ జబ్బులో ఎముకలు గుల్లబారతాయి గనుక అది అవసరం. కాని ధాన్యం ఒక్కటే చాలదు. కేవలం జొన్న మీద బతికిన దక్కను పేదలలో పెల్లాగ్రా జబ్బు కనిపించడాన్ని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంటియా 1960లో లోకానికి తెలియజేశారు. దాని కారణంపై తరువాత చర్చ సాగింది గాని, ఒకే ధాన్యం మీద బతకడం ప్రమాదమన్న పాఠం మాత్రం నిలిచింది.

ధాన్యంలో లైసీన్ తక్కువ. పప్పుల్లో అది ఎక్కువ. శనక్కాయ చేలో కంది సాళ్ళు వేసే మన రైతుకు ఈ రసాయనం తెలియదు గాని, రాగి సంగటిలోకి పులగూర, ఉలవచారు, అలసందల కూర తినడం తెలుసు. బరువు పెరగవలసిన మనిషికి శనక్కాయ మంచి తోడు. 100 గ్రాముల పప్పులో సుమారు 550 క్యాలరీలు, 25 గ్రాముల మాంసకృత్తులు. ఇనుముకు ఆకుకూరలు, వాటి మీద కాస్త నిమ్మరసం. పాలు కొన్నాళ్ళు పడకపోవచ్చు; పాలచక్కెరను అరిగించే లాక్టేజు ఎంజైము ఆంత్రచూషకాల కొనలమీదనే తయారవుతుంది. ప్రేగు మానాక చాలామందికి మళ్ళీ పడతాయి. బి12 విటమిను మొక్కలలో దొరకదు. పాలు, పెరుగు కూడా తీసుకోనివారు దాన్ని మాత్రల రూపంలో తీసుకోక తప్పదు.

కనపడని గోధుమ

మా అక్క ఊరికి వచ్చి రాగిసంగటి మొదలుపెట్టినా మొదటి మూడు నెలలు గుణం కనపడలేదు. కారణం పిండిమర! గోధుమలు ఆడిన వెంటనే అదే మరలో రాగులు పోస్తే, రాళ్ళ మధ్య మిగిలిన గోధుమపిండి రాగిపిండిలో కలుస్తుంది. లెక్క చూడండి. 25 గ్రాముల గోధుమపిండిలో సుమారు 2 గ్రాముల గ్లూటెన్. రోజుకు 50 మిల్లీగ్రాములు చేరినా ప్రేగుకు హాని అని పరిశోధనలలో తేలింది. అంటే ఒక చిన్న చపాతీలో నలభయ్యో వంతు! పెద్దమ్మ ఇంట్లో మూలనపడిన విసురురాయి మళ్ళీ కిందికి దిగాకనే పరిస్థితి చక్కబడింది.

ఇంగువ పొడిలో తరచు మైదా కలుపుతారు. సేమియా, బొంబాయి రవ్వ గోధుమవే. మన ఉగ్గాని బొరుగులు బియ్యానివి, బజ్జీ శనగపిండిది, భయం లేదు. కాని పూరీలు కాల్చిన నూనెలో ఆ బజ్జీ వేస్తే భయమే. కొనే సరుకు మీద గ్లూటెన్ లేదని రాసి ఉంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించకూడదని మన దేశపు ఆహార ప్రమాణాల నియమం.

మిత్రులారా! గోధుమ విషం కాదు. పడినవారికి అది మంచి ఆహారమే. సరదా కోసం, వాడుక కోసం దాన్ని మానవలసిన పని లేదు. పడనివారికి మాత్రం అది జీవితాంతం మానవలసిన ధాన్యం. ఈ రెండు గుంపుల మధ్య గీత గీయవలసింది అరుగు మీద సలహా కాదు, ఒక రక్తపరీక్ష. మన ఊళ్ళలో రక్తహీనత అనగానే ఇనుము మాత్రలిచ్చి ఊరుకుంటున్నారు. మాత్రలు నెలలు మింగినా రక్తం పెరగని మనిషి మీ ఇంట్లోనో, మీ హాస్టలు గదిలోనో ఉంటే, ఈ జబ్బు పేరు ఒక్కసారి వైద్యుని చెవిన వెయ్యండి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. మనం సభలు జరిపి చప్పట్లు కొట్టడంతో ఆగకుండా, హాస్టళ్ళలో వారానికి రెండు పూటలైనా రాగి, కొర్ర వండించుకుంటే, గోధుమ పడని విద్యార్థి పస్తుండవలసిన పని ఉండదు. మా మెట్ట రైతుకు నాలుగు సాళ్ళు కొర్ర వేసే ధైర్యమూ వస్తుంది.