గడువు తీరిన చట్టము



“చట్టము అవసరమైనచో ముగియనిచ్చుట యేల? అనవసరమైనచో మరల తెచ్చుట యేల?” అని తరగతిలో మమ్ము అడుగుచుందురు. దీనికి మన ప్రాంతపు బియ్యపుగింజయే బదులు చెప్పగలదు.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములు కృష్ణా పశ్చిమ డెల్టాలోని వరిసీమలు. ఇచ్చట ధర తగ్గినచో రైతునకు అప్పు. పెరిగినచో కొని తిను కూలివానికి పస్తు. ఈ రెండిండ్ల బిడ్డలును మన బడిలో ఒకే బల్లపై కూర్చుందురు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున భారత రక్షణ నిబంధనలక్రింద ధాన్యముపై కంట్రోలు వచ్చెను. 1943లో బెంగాలు కరవున లక్షలకొలది జనులు మరణించిరి. యుద్ధము ముగిసినను కొరత ముగియలేదు. 1946 సెప్టెంబరు 30తో ఆ నిబంధనల గడువు తీరగా, మరునాటినుండియే ఆర్డినెన్సును, పిదప ఒక తాత్కాలిక చట్టమును తెచ్చి కంట్రోలును నిలిపిరి.

కంట్రోలువలన చీకటిబజారు, లంచగొండితనము పెరుగుచున్నవని గాంధీజీ దానిని తొలగింపగోరిరి. ఆయన చెప్పిన దోషములు నిజములే. 1947 డిసెంబరులో ప్రభుత్వము సడలింపునకు పూనుకొనెను. కాని పంట చాలలేదు, ధరలు ఎగబ్రాకెను. ఏడాది తిరుగకమునుపే, 1948లో, కంట్రోలును మరల విధింప నిశ్చయించిరి. 1952లో మద్రాసు ముఖ్యమంత్రి రాజగోపాలాచారిగారు రేషనును ఎత్తివేసిరి. తరువాతి యేండ్లలో పంటలు బాగుగా పండుటచే ఈసారి సడలింపు నిలిచెను.

ఇచ్చట ఒక విశేషమును గమనింపుడు. రాజ్యాంగము ఈ విషయమున కేంద్రమునకు ఐదేండ్ల అధికారమునే ఇచ్చెను. అది 1955 జనవరి 26న తీరెను. అప్పటికి రేషను పోయినను, పార్లమెంటు రాజ్యాంగమును సవరించి, నిత్యావసర వస్తువుల చట్టమును చేసెను. ఆ చట్టము ఏప్రిల్ 1న అమలునకు వచ్చెను. దాని పట్టును సడలించిన 2020 నాటి సవరణ 2021లో రద్దయ్యెను.

కంట్రోలు వేరు, కంట్రోలు చేయు అధికారము వేరు. నీరు చాలినప్పుడు తూము మూయుదుము గాని, తూమును పెరికివేయము. అట్లని అవసరము తీరినను తూమును తన యిష్టము చొప్పున త్రిప్పువాడు పొలమునకు మేలు చేయడు. కావున చట్టమును తొలగించునప్పుడును, మరల తెచ్చునప్పుడును అడుగవలసిన ప్రశ్న యొక్కటే: గడువు తీరినదా యని కాదు, కొరత తీరినదా యని. ఆ ప్రశ్నను రైతు యింటను, కూలివాని యింటను కూడ అడుగవలెను.