ఎవరి పిల్లలు ఏ బడికి?

పదవ తరగతి ఫలితాలు వచ్చిన మరునాడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలలో ఏ కూడలిలో చూసినా ప్రైవేటు బడుల ఫ్లెక్సీలే అగుపిస్తాయి. వాటిని చూసి "సర్కారు బడిలో ఏమున్నది?" అనేవాళ్ళే ఎక్కువ. సైన్సు విద్యార్థిగా నాకు ఈ పోలిక మీదనే అభ్యంతరమున్నది. రెండు మడులలో రెండు రకాల వరి వేసి, ఒకదానికి నీళ్ళు, ఎరువు పెట్టి, రెండోదాన్ని వానకు వదిలేసి, చివరికి గింజలు తూచి "ఈ విత్తనమే మంచిది" అంటే బడి ముఖం చూడని మా బాపు కూడా ఒప్పుకోడు. ఏ బడి గొప్పదని అడిగేముందు, ఏ బడికి ఎవరి పిల్లలు పోతున్నరని అడగవలె.

ఒకప్పుడు ఈ ప్రశ్నకు ఇంత అవసరం లేకుండె. హనుమాజీపేట రైతుబిడ్డ సి. నారాయణరెడ్డి గారు సిరిసిల్లలో, ఆ తర్వాత కరీంనగర్‌లో ఉర్దూ మాధ్యమంలోనే చదువుకున్నారు. నిజాం కాలంలో బడికి పోగలిగిన వాళ్ళు తక్కువే గాని, పోయినవాళ్ళకు దారి దాదాపు ఒక్కటే. ఆ దారి రెండుగా చీలడం మన కళ్ళ ముందే జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలను ఏండ్ల తరబడి గమనించిన 'యంగ్ లైవ్స్' పరిశోధనలో, 8 ఏండ్ల పిల్లలలో ప్రైవేటు బడికి పోయేవారు 2002లో 24 శాతం. 2009 నాటికి 44 శాతం.

మన మూడు పట్టణాలలో ఈ చీలిక ఒకే తీరుగా లేదు. సిరిసిల్లలో అది మరమగ్గం వెంట నడుస్తుంది. యజమానులు, ఆసాములు, కార్మికులు అని మూడు మెట్లున్న ఊరది. కార్మికుల ఇళ్ళలో తండ్రి సాంచాల మీద, తల్లి బీడీల చాట ముందు. నేను చూసినంతలో సర్కారు బడి బెంచీల మీద ఎక్కువగా కూర్చునేది వీళ్ళ పిల్లలే. గుడ్డకు గిరాకీ ఉన్న ఏడు కొందరు ప్రైవేటుకు మారుతరు, సాంచాలు ఆగితే మళ్ళీ తిరిగి వస్తరు. కోరుట్ల వైపు గల్ఫ్ పైసలది పెద్ద పాత్ర. భర్త దుబాయి పోతే, పిల్లల చదువు కోసం తల్లి పల్లె విడిచి కోరుట్లలో గది కిరాయికి తీసుకుంటుంది. కంపెనీ జీతం ఆపిన నెల ఫీజు ఆగుతుంది. మా జగిత్యాల పల్లెలలోనైతే పసుపు అమ్మినంకనే ఫీజు. మా చిన్నాయన ఫీజు బాకీ పడ్డందుకు ఒక ప్రైవేటు బడివాళ్ళు కొడుకు టీసీ ఆపిన్రు. అది చేతికొచ్చేసరికి సగం ఏడు గడిచింది.

ఉన్నోళ్ళు, లేనోళ్ళు అని మాత్రమే అంటే సగం సంగతే చెప్పినట్టు. మిగతా సగం ఒకే ఇంట్లో ఉన్నది. మా అక్క ఊళ్ళో జిల్లా పరిషత్ బడికి నడిచి పోయింది; నన్ను పొద్దున్నే పసుపుపచ్చ బస్సు వచ్చి పట్నానికి తీసుకుపోయేది. లెక్కలలో అక్కే నాకంటె చురుకు. ఇద్దరికీ ఫీజు కట్టే స్తోమత లేనప్పుడు కొడుక్కే కడతరు. ఇది మా ఇంటి ముచ్చట మాత్రమే కాదు, యంగ్ లైవ్స్ వాళ్ళకూ ఇదే అగుపించింది.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. 1971లో సర్వేల్‌తో మొదలైన గురుకులాలు ఇప్పుడు వందల సంఖ్యలో ఉన్నయి. పేదపిల్లలలో చురుకైనవాళ్ళు ఐదో తరగతి ప్రవేశపరీక్ష రాసి వాటికి పోతున్నరు. అది మంచిదే. అయితే ఊరి బడికి మిగిలేది ఎవరు? ఫీజు కట్టలేనివాళ్ళు, గురుకులంలో సీటు రానివాళ్ళు. ఆ బడి ఫలితాన్ని తెచ్చి ఫ్లెక్సీ పక్కన పెడుతున్నం.

న్యాయమైన పోలిక ఒకటి జరిగింది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలోని 180 గ్రామాలలో ప్రయోగం మొదలుపెట్టి, కొందరు సర్కారు బడి పిల్లలను లాటరీ తీసి, ఫీజు తామే కట్టి ప్రైవేటుకు పంపిన్రు. నాలుగేండ్ల తర్వాత తెలుగులో, లెక్కలలో లాటరీ తగిలిన పిల్లలకూ తగలని పిల్లలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటువాళ్ళు ముందున్నరు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ గార్లు 2015లో ఈ వివరాలు ప్రచురించారు. ఇందులో సర్కారు బడికి చురక కూడా ఉన్నది: ఒక్కో పిల్లవానిపై ప్రైవేటు బడికయ్యే ఖర్చు సర్కారు ఖర్చులో మూడో వంతు లోపే. అక్కడి టీచర్ల జీతాలు ఎంత తక్కువో, డిగ్రీ కాగానే ఆ కొలువులలో చేరిన మన సీనియర్లను అడిగితే చెప్తరు.

బడులు బాగుచేయలేదని అనను. 2003 నుంచి మధ్యాహ్నం వండిన భోజనం పెడుతున్నరు. 2022లో 'మన ఊరు - మన బడి' వచ్చింది, అదే ఏడు 8వ తరగతి దాకా ఇంగ్లీషు మాధ్యమం మొదలైంది. 2023లో గంభీరావుపేటలో కేజీ నుంచి పీజీ దాకా ఒకే ప్రాంగణం కట్టిన్రు. కరోనా తర్వాత పిల్లలు తిరిగి వచ్చిన్రు కూడా. దేశంలోని పల్లెలలో 6-14 ఏండ్ల పిల్లలలో సర్కారు బడిలో ఉన్నవారు 2022లో 72.9 శాతమని అసర్ నివేదిక. 2024కల్లా అది 66.8కి దిగింది. వచ్చినవాళ్ళు నిలువలేదు.

విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు ఆ బడి పిల్లల తల్లిదండ్రులే ఉండవలె. ఊళ్ళో మాట చెల్లే పెద్దరైతు, దుకాణదారు, కొన్నిచోట్ల ఆ బడి పంతులు సారు కూడా, తమ పిల్లలను పొద్దున్నే బస్సెక్కిస్తున్నరు. కాబట్టి తల్లిదండ్రులుగా కమిటీలో కూర్చునేది కూలికి పోయే తల్లి. పంతులు పోస్టు ఖాళీగా ఉన్నదని అడగడానికి మండలాఫీసుకు పోవాలంటే ఆమెకు ఒకరోజు కూలి పోతుంది.