వినికిడి వివేకం

పాఠ్యభాగ పరిచయం

ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందినది. ఒక విషయాన్ని తీసుకొని, దాని స్వరూపాన్ని వివరించి, పాఠకుణ్ణి సరైన నిర్ణయం వైపు నడిపించడం వ్యాస లక్షణం. హెడ్‌ఫోన్ల ఎంపికను ఆధారంగా చేసుకొని నాదగుణాలను గుర్తించే నేర్పును, వినికిడిని కాపాడుకోవలసిన బాధ్యతను తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

నాదాన్ని మన పెద్దలు మంద్రం, మధ్యం, తారం అని మూడు స్థాయిలుగా విభజించారు. 13వ శతాబ్దానికి చెందిన శార్ఙ్గదేవుడు ‘సంగీతరత్నాకరం’లో మంద్రానికి హృదయాన్ని, మధ్యానికి కంఠాన్ని, తారానికి శిరస్సును స్థానాలుగా చెప్పాడు. మంద్రనాదం చెవికంటె ముందు గుండెను తాకినట్లు తోచడం అందరికీ అనుభవమే. హెడ్‌ఫోన్లు కొనేటప్పుడు నేటి యువతీయువకులు ‘బేస్ ఎలా ఉంది?’ అని మొదట అడగడం వెనుక ఉన్నది ఈ అనాది అభిరుచియే. అభిరుచి తప్పు కాదు. అయితే దానికి వివేకం తోడు కావాలి.

మానవుని చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ పౌనఃపున్యం గల ధ్వనులను గ్రహించగలదు. వీటిలో దాదాపు 250 హెర్ట్జ్‌కు దిగువన ఉన్నవాటిని బేస్ అంటారు. 60 హెర్ట్జ్‌కు లోపలివి మరింత లోతైనవి. మంద్ర, మధ్య స్థాయిలు కొంచెం నిండుగానూ, తారస్థాయి కొంచెం మెత్తగానూ వినిపిస్తే దానిని ‘వెచ్చని ధ్వని’ అంటారు. అటువంటి ధ్వనిలో గాయకుడు మన దగ్గర కూర్చుండి పాడినట్లు ఉంటుంది. వయొలిన్ పదును, తాళాల మోత చెవిని గుచ్చవు.

లోతైన నాదానికి మన మృదంగం చక్కని ఉదాహరణ. వాయించడానికి ముందు విద్వాంసుడు ఎడమవైపు చర్మం నడుమ తడిపిన రవ్వముద్దను అంటిస్తాడు. ఆ బరువు వల్ల చర్మం నెమ్మదిగా కంపించి, శ్రుతి దిగి, గంభీరమైన ‘తోం’కారం పుడుతుంది. కుడివైపు శాశ్వతంగా ఉండే నల్లని ముద్ద స్పష్టమైన స్వరాన్ని ఇస్తుంది. ఈ వాద్యాల నాదరహస్యాన్ని పరిశోధించి సర్ సి.వి. రామన్ 1920లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించాడు. ఎడమ చేతి గాంభీర్యం కుడి చేతి స్పష్టతను మింగివేయకపోవడమే మృదంగ వాదనంలోని సొగసు. మంచి హెడ్‌ఫోన్‌కు కూడా ఇదే గీటురాయి.

బేస్ అత్యధికమైతే ఏమవుతుంది? బిగ్గరగా ఉన్న మంద్రధ్వని తనకంటె పైనున్న ధ్వనులను కప్పివేస్తుంది. మన వర్ణమాలలో ఊష్మాలైన శ, ష, స లలోని ఒరిపిడి ధ్వని ఎక్కువగా 2,000 హెర్ట్జ్‌కు పైననే ఉంటుంది. అది మరుగున పడితే పాటలో దరువు మిగిలి సాహిత్యం మాయమవుతుంది. కావ్యానికి ఔచిత్యమే ప్రాణమని క్షేమేంద్రుడు 11వ శతాబ్దంలో ప్రతిపాదించాడు. ఆ మాట ధ్వనికి కూడా వర్తిస్తుంది. పదాన్ని మోసే బేస్ గాంభీర్యం. పదాన్ని ముంచే బేస్ వట్టి రొద.

ఇక ఎంపిక విషయం. హెడ్‌ఫోన్‌లో అయస్కాంతం, తీగచుట్ట, పలుచని పొర ఉంటాయి. విద్యుత్ సంకేతాన్ని అనుసరించి ఆ పొర కంపించగా ధ్వని పుడుతుంది. పొర వ్యాసం 40 మిల్లీమీటర్లా, 50 మిల్లీమీటర్లా అన్నదానికంటె చెవిచుట్టూ ఉండే మెత్త ఎంత చక్కగా అమరిందన్నది ముఖ్యం. సందు ఉంటే మొదట జారిపోయేది మంద్రధ్వనియే. కళ్ళద్దాల కాడలు, ఒత్తైన జుట్టు ఇటువంటి సందుకు కారణమవుతాయి. పెట్టుకొన్న తరువాత అరచేతులతో మెల్లగా నొక్కి చూడాలి. నొక్కినప్పుడు బేస్ ఒక్కసారిగా పెరిగితే అమరిక సరిగా లేదని గ్రహించాలి. చెవిలో దూర్చుకొనే రకమైతే తగిన పరిమాణం గల రబ్బరు తొడుగును ఎంచుకోవాలి. వెనుకభాగం మూసి ఉన్నవి లోతైన బేస్‌కు సాధారణంగా అనువైనవి. బయటి సద్దును కూడా కొంత ఆపుతాయి.

పెట్టెపై ‘20 – 20,000 హెర్ట్జ్’ అని ముద్రించినంత మాత్రాన ధ్వని అంతటా సమానంగా ఉంటుందని అర్థం కాదు. తీగ గల రకాలలో అవరోధం 32 ఓమ్‌ల ప్రాంతంలో ఉంటే సాధారణంగా సెల్‌ఫోన్‌కు సరిపోతుంది. 250 ఓమ్‌ల రకానికి తరచుగా ప్రత్యేక యాంప్లిఫయర్ అవసరమవుతుంది. కొనేముందు బాగా తెలిసిన పాటను వినాలి. గాత్రం, మృదంగం, వయొలిన్ మూడూ అందులో ఉంటే మేలు. బిగ్గరగా వినిపించేది మంచిదన్న భ్రమ సహజం. కాబట్టి రెండింటిని పోల్చేటప్పుడు ధ్వనిని సమానంగా ఉంచుకోవాలి.

అన్నింటికంటె ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. తక్కువ ధ్వనిలో మన చెవికి బేస్ పలుచబడినట్లు తోస్తుందని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లో నిరూపించారు. ఆ లోటు తీర్చుకోవడానికి శ్రోత వాల్యూమ్ పెంచుతాడు. అప్పుడు బేస్‌తోపాటు అన్ని ధ్వనులూ పెరుగుతాయి. ప్రమాదం అక్కడే పొంచి ఉంది. 80 డెసిబెల్ ధ్వనిని వారానికి 40 గంటల వరకు వినవచ్చునని, 90 డెసిబెల్ అయితే 4 గంటలకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. 10 డెసిబెల్‌లు పెరిగితే ధ్వనిశక్తి 10 రెట్లవుతుంది. అందుకే గడువు పదోవంతుకు కుదించుకొనిపోతుంది. లోపలి చెవిలోని కర్ణావర్తంలో సున్నితమైన రోమకణాలు ఉంటాయి. మనిషిలో అవి ఒకసారి నశిస్తే తిరిగి పుట్టవు. విన్న తరువాత చెవుల్లో హోరు, మాటలు మందంగా వినబడటం హెచ్చరికలు.

అందువల్ల బేస్‌ను వాల్యూమ్‌లో వెదకరాదు, అమరికలో వెదకాలి. చక్కగా అమరిన హెడ్‌ఫోన్ తక్కువ ధ్వనిలోనే నిండుదనాన్ని ఇస్తుంది. రోడ్డు, రైలుపట్టాలు దాటేటప్పుడు దానిని తీసివేయడం ప్రాణరక్షణ. నేటి శ్రవణానందం కోసం రేపటి శ్రవణశక్తిని తాకట్టు పెట్టనివాడే నిజమైన రసికుడు.

కఠిన పదాలు – అర్థాలు

పౌనఃపున్యం = ఒక సెకనులో జరిగే కంపనాల సంఖ్య
గీటురాయి = బంగారం నాణ్యతను పరీక్షించే రాయి; ప్రమాణం
ఔచిత్యం = తగినట్లుండటం
ఊష్మాలు = శ, ష, స, హ అనే అక్షరాలు
కర్ణావర్తం = నత్తగుల్ల ఆకారంలో ఉండే లోపలి చెవి భాగం

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. హెడ్‌ఫోన్ల ఎంపికలో పాటించవలసిన వివేకాన్ని పాఠం ఆధారంగా వివరించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. మృదంగాన్ని రచయిత గీటురాయిగా ఎందుకు గ్రహించాడు?
2. ‘బేస్‌ను వాల్యూమ్‌లో వెదకరాదు, అమరికలో వెదకాలి.’ – ఈ వాక్యాన్ని సమర్థించండి.

III. విడదీసి సంధి పేరు తెలపండి
శ్రవణానందం, అత్యధికం, కర్ణావర్తం