జాఫ్నా వెళ్తే కనిపించిన డోర్నకల్

ఆఫీసు పోర్టల్‌లో ‘వెకేషన్’ అని, సంఘంలో ‘మిషన్ ట్రిప్’ అని నమోదయ్యే ప్రయాణం ఒకటుంది. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ చుట్టూ ఉద్యోగాలు చేస్తూ ఆదివారం ఆరాధన మానని యువతకు ఇది కొత్త కాదు. నేపాల్‌కో శ్రీలంకకో కెన్యాకో పది రోజులు. రానుపోను ప్రయాణం పోగా వారం రోజులు పరిచర్య, ఆఖర్న ఒక రోజు ఊరు చూడటం. తిరిగొచ్చాక సంఘంలో చెప్పే సాక్ష్యంలో ఆ ఒక్క రోజు ఉండదు. తెర మీద వేసే ఫొటోల్లో పిల్లలకు అన్నం వడ్డించడం ఉంటుంది, పోఖరా సరస్సులో పడవెక్కడం ఉండదు. ఎవరూ అబద్ధం చెప్పరు గానీ అందరూ కాస్త సిగ్గుపడతారు, సేవకని వెళ్లి సరదాగా తిరిగొచ్చామని. ఆ సిగ్గు తప్పుచోట పడుతోందని నా వాదన. ఊరు చూసిన రోజు గురించి బాధపడనక్కర్లేదు. మిగతా ఏడు రోజులూ ఏమీ చూడకుండా గడిపినందుకు బాధపడాలి. పరాయి దేశంలో ఆత్మీయంగా ఎదగడమంటూ జరిగితే అది చూపుతోనే మొదలవుతుంది. అది నిజమైన ఎదుగుదలో కాదో తేలేది మాత్రం మళ్లీ మన కొండాపూర్ సందులోనే.

దీనికి ఆధారం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం తీస్తే చాలు. సీల, తిమోతి వచ్చేదాకా ఆగాల్సి వచ్చిన పౌలు ఏథెన్సు అంతా తిరిగి చూశాడు. విగ్రహాలు చూసి ఆయన మనసు కుతకుతలాడింది నిజమే, అయినా కళ్లు మూసుకోలేదు. బలిపీఠాల మీద రాతలు కూడా చదివాడు. అందులో ఒకటి, తెలియని దేవునికని కట్టింది, ఆయన కంట్లో పడింది. అరేయొపగులో ఆయన చేసిన ప్రసంగం ఆ రాతతోనే ఎత్తుకుంటుంది. మధ్యలో వాళ్ల కవుల మాటా వస్తుంది. ఊరు చూడని మనిషి నోట ఆ ప్రసంగం పుట్టేది కాదు. లూకా సువార్త 10లో డెబ్బదిమందిని పంపేటప్పుడు సంచి వద్దు, చెప్పులు వద్దు, పెట్టింది తినండి అనడంలోనూ ఇదే ఉంది. వెళ్లేవాడు చుట్టంగా వెళ్లాలి. మనమో, ఎయిర్‌లైన్స్‌ వాడిచ్చిన కిలోలన్నీ పంచిపెట్టే టీషర్టులతో నింపుకుని వెళ్తాం. చేతులు రెండూ నిండి ఉన్నవాడు ఎదుటి ఇంట్లో గ్లాసుడు మంచినీళ్లు ఎలా అందుకుంటాడు?

ఈ మాటను నాకంటే చాలా ఘాటుగా అన్నవాడు ఒక కాథలిక్ గురువే. 1968లో మెక్సికోలోని కెర్నవాకాలో ఇవాన్ ఇలిచ్, సేవకని వచ్చిన అమెరికన్ విద్యార్థుల ఎదుట నిలబడి, మీ మంచి ఉద్దేశాలు మాకొద్దు పొమ్మన్నాడు. కొండలెక్కడానికి రండి, పూలు చూడటానికి రండి, చదువుకోవడానికి రండి, సాయం చేస్తామని మాత్రం రావద్దన్నది ఆ ప్రసంగ సారం. అప్పట్లో చాలామందికి అది కోపం తెప్పించి ఉంటుంది. మనకూ తెప్పిస్తుంది. కానీ ఆ తర్వాత జరిగిన పరిశోధనలు ఆయన్ని పూర్తిగా కాదనలేకపోయాయి. 1998లో మిచ్ తుపాను హోండురాస్‌ను ఊడ్చేశాక, విదేశీ మిషన్ బృందాలు వచ్చి అక్కడ ఇళ్లు కట్టాయి. కర్ట్ వెర్ బీక్ అనే ఆయన ఆ ఇళ్లను, స్థానిక సంస్థలు కట్టిన ఇళ్లను పోల్చి చూశాడు. ఇల్లు అందుకున్న కుటుంబాలకు ఎవరు కట్టారన్న దాన్నిబట్టి పెద్ద తేడా ఏమీ రాలేదు. బృందాల ప్రయాణ ఖర్చు మాత్రం ఇంటి ఖర్చుకు ఎన్నో రెట్లు. కట్టి వెళ్లినవాళ్ల ప్రార్థనలో, ఇచ్చే గుణంలో నిలిచిన మార్పూ తక్కువే. అంటే పది రోజుల్లో మనం ఎదుటివాణ్ణి పెద్దగా మార్చేదేమీ లేదు, జాగ్రత్తగా లేకపోతే మనమూ మారం. అప్రైజల్ ఫారంలో ఇంకో గడి నింపుకున్నట్టు ఆత్మీయ జీవితంలో ‘విదేశీ పరిచర్య’ అని ఒక గడి నింపుకుంటాం, అంతే. ఈ తిట్టు నాకూ వర్తిస్తుంది, గడులు నింపే పిచ్చి నాకు ఎవరికీ తీసిపోనంత ఉంది.

మరి ఒక చిన్న ప్రయాణం మనిషిని మార్చగలదా? మార్చింది, అదీ మన తెలంగాణ నేల మీద కనిపించేలా. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన తమిళుడు, వై.ఎం.సి.ఎ. కార్యదర్శి. 1902లో సిలోన్‌లోని జాఫ్నా వెళ్లాడు. అక్కడి తమిళ క్రైస్తవులు తెల్లదొరల మీద ఆధారపడకుండా తమ డబ్బుతో, తమ మనుషులతో మిషన్ నడుపుతుండటం చూశాడు. వాళ్లకు ఆయన ఏం ఇచ్చి వచ్చాడో చరిత్ర పెద్దగా చెప్పదు. ఆయన ఏం చూశాడో చెబుతుంది. చూసింది గుచ్చుకుంది. మా తిరునెల్వేలి సంఘం ఇంత పాతదై ఉండి, పొరుగువాళ్ల కోసం ఏం చేసిందన్న ప్రశ్నతో ఇంటికొచ్చాడు. మరుసటి ఏడు 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. ఆ సొసైటీ ఎంచుకున్న పొలం నిజాం రాజ్యంలోని డోర్నకల్. 1909లో ఆయన పదవి వదులుకుని తానే అక్కడికొచ్చి, తెలుగు నేర్చుకుని, పల్లెల్లో తిరిగాడు. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సభలో పాశ్చాత్య మిషనరీల ముఖం మీదే, మీ త్యాగాలు సరే, మాకు కావలసింది స్నేహితులు అన్న అర్థంలో మాట్లాడాడు. 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కెథీడ్రల్‌కు మసీదును తలపించే గుమ్మటాలు, గుడి మండపాన్ని తలపించే స్తంభాలు ఉంటాయి. చుట్టూ ఉన్నదాన్ని తేరిపార చూసిన మనిషి కట్టించిన గుడి అది. సికింద్రాబాద్ నుంచి విజయవాడ వెళ్లే రైలు దారిలోనే ఉంది, మన మిషన్ ట్రిప్ జనంలో ఎంతమంది దిగి చూసి ఉంటారో.

ఆ చూపు అలవాటు కావడానికి నేను ఒట్టేసి చెప్పే పద్ధతి ఒక్కటే ఉంది. మామూలు రూళ్ల నోటు పుస్తకం. ప్రయాణంలో ప్రతి సాయంత్రం ఎడమ పేజీ మాత్రమే రాయాలి, కుడి పేజీ ఖాళీగా వదలాలి. ఎడమ పేజీలో ఆ రోజు చూసింది రాయాలి, విశేషణాలు లేకుండా. ‘దయనీయమైన’, ‘అమాయకమైన’, ‘కల్లాకపటం లేని’ లాంటి మాటలు నిషేధం. అవి చూడకుండానే రాసేయగల మాటలు. ఎవరితో మాట్లాడారో వాళ్ల పేరు, ఏ పని చేస్తారు, పొద్దున ఎన్నింటికి లేస్తారు, కిలో బియ్యం ఎంత, మనకు ఏం పెట్టారు, మనల్ని ఏం అడిగారు, మనం ఏ ప్రశ్నకు నీళ్లు నమిలాం. కొండలు, చర్చీలు, బజార్లు చూసిన రోజు కూడా ఇదే లెక్క. తిరిగొచ్చాక అసలు పని మొదలవుతుంది. ప్రతి ఎడమ పేజీకి ఎదురుగా, హైదరాబాద్‌లో దానికి జవాబు రాయాలి. కాఠ్మండూలో బస చేసిన చోట వాచ్‌మన్ పేరు, ఆయన జీతం, ఊళ్లో ఉన్న పిల్లల సంగతి ఎడమ పేజీలో ఉన్నాయనుకోండి. కుడి పేజీలో మన కాలనీలో రాత్రి కర్ర తాటిస్తూ, ఈల వేసుకుంటూ తిరిగే గూర్ఖా పేరు రాయాలి. ఆయనదీ నేపాలే. నెలకోసారి గేటు దగ్గర చేయి చాపితే నోటు ఇచ్చి తలుపేసుకుంటాం. నేపాల్ వెళ్లి నేపాలీ ప్రజల కోసం కన్నీటితో ప్రార్థించి వచ్చి, వాకిట్లో ఈలేసే నేపాలీ పేరు తెలియకపోవడాన్ని ఏమనాలి? పేరు అడగనంతవరకు ఆ పేజీ ఖాళీగానే ఉంటుంది, ఖాళీ పేజీ బుకాయించడానికి వీల్లేనిది. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటినుంచి ఈ అద్దాల మేడలన్నీ లేపిన పాలమూరు కూలీలు, ఒడిశా కూలీలు, మన కుర్చీ కింద తుడిచే హౌస్‌కీపింగ్ అక్క, పొద్దున్నే లేబర్ అడ్డాలో నిలబడే మేస్త్రీలు, వీళ్లంతా కుడి పేజీ మనుషులే.

ఇది నేను కనిపెట్టిన విద్య ఏమీ కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830, 31లలో కాశీయాత్ర చేసి, దారిలో చూసిందల్లా ఉత్తరాలుగా రాశాడు. మన హైదరాబాద్ కూడా అందులో ఉంది. పుణ్యానికని బయల్దేరిన మనిషి ధరలు, దారులు, మనుషుల బతుకుతెరువులు రాసిపెట్టాడు కాబట్టే 1838లో అచ్చయిన ఆ పుస్తకం ఇవాళ్టికీ నిలిచింది. ఆయన భక్తి దానివల్ల పలచబడిందని అది చదివినవాళ్లెవరూ అనరు. ఫోన్ కెమెరా ఉండగా రాత ఎందుకంటారా? లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక మ్యూజియంలో పరీక్షిస్తే, ఫొటో తీసినవాళ్లకు వస్తువుల వివరాలు తక్కువ గుర్తున్నాయట, చూసి ఊరుకున్నవాళ్లకే ఎక్కువ. ఏదో ఒక భాగాన్ని దగ్గరకు లాగి తీసినవాళ్లు మాత్రం మరిచిపోలేదట. పుస్తకం చేసేదీ ఆ దగ్గరకు లాగడమే.

అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది డబ్బు. కూలి చేసుకునే విశ్వాసి కూడా కానుక పెట్టెలో వేసిన సొమ్ముతో ఊళ్లు చూస్తారా అని పెద్దలు అడిగితే తప్పులేదు. ఆ ఒక్క రోజు ఖర్చు సొంత జీతంలోంచి పెట్టుకోవాలి, ముందే సంఘానికి చెప్పాలి. ఐటీ జీతాలకు అది భారం కాదు, దాచినప్పుడే అది దొంగతనంలా కనిపిస్తుంది. రెండోది ఇంకా బరువైనది. ఇదంతా డోర్నకల్‌లోనో పాలమూరులోనో నేర్చుకోవచ్చుగా, విమానం దేనికని. నిజంగా నేర్చుకుంటానంటే విమానం టికెట్ రద్దు చేసుకోండి, నేనే ముందు చప్పట్లు కొడతాను. అయితే రోజూ చూసేది కంటికి ఆనదు. అజరయ్యకు తిరునెల్వేలి లోటు తిరునెల్వేలిలో ఉండగా అంత స్పష్టంగా తెలియలేదు, జాఫ్నా అద్దం పట్టింది. పరాయి ఊరి ఉపయోగం అంతవరకే. మూడో మాట, పది రోజుల వాళ్లని మిషనరీలంటే అసలు మిషనరీలను కించపరిచినట్టు కాదా అని. అక్షరాలా నిజం. 1903లో నెల్లూరు ప్రాంతం నుంచి తెలుగు బాప్టిస్టులు పంపిన జాన్ రంగయ్య దక్షిణాఫ్రికాలోని నటాల్ వెళ్లి, కియర్స్‌నీ టీ తోటల్లో గిర్మిట్ ఒప్పందం మీద పనిచేసే తెలుగు కూలీల మధ్య సంఘం కట్టాడు. ఆయన అక్కడే ఉండిపోయినవాడు, మనం రిటర్న్ టికెట్‌తో వెళ్లేవాళ్లం. చుట్టాలమని ఒప్పుకుంటే ఆయనకు అవమానమూ ఉండదు, మనకు అహంకారమూ ఉండదు.

మిగతా జాగ్రత్తలు అందరూ చెప్పేవే, గబగబా చెప్పేస్తాను. ఆ భాషలో నలభై మాటలైనా నేర్చుకుని వెళ్లండి. ఆ దేశపు చట్టం చదవండి. నేపాల్‌లో ఇంకొకరి మతం మార్చడం నేరం, మీరు విమానమెక్కి వచ్చేశాక స్టేషన్ చుట్టూ తిరిగేది అక్కడి పాస్టరు గారు. తల్లిదండ్రుల్ని అడక్కుండా పిల్లల ఫొటోలు తీయొద్దు. మళ్లీ వస్తామని, డబ్బు పంపుతామని మాటివ్వొద్దు. మందులు మీవి మీరు తీసుకెళ్లండి, నిద్ర సరిగ్గా పోండి.

చివరికి, ఆత్మీయ ఎదుగుదల దేవుని చేతిలోది, నోటు పుస్తకంతో వస్తుందా అని నవ్వేవాళ్లుంటారు. రాదు. వాన కురిపించడం రైతు చేతిలో లేదు, కానీ గట్టు వేసుకోని పొలంలో ఎంత వాన పడ్డా నీళ్లు నిలవవు. పేజీ నిండకపోతే నిరాశపడేవాళ్లకు మాత్రం ఒక మాట. తొందరపడొద్దు, స్ప్రింట్ గడువులాగా రెండు వారాల్లో తేల్చాల్సింది కాదు ఇది. నా పుస్తకంలోనూ కుడివైపు తెల్లగా ఉన్న పేజీలే ఎక్కువ, వాటిని చూస్తే ఇప్పటికీ ముఖం చెల్లదు. అజరయ్య జాఫ్నా చూసింది 1902లో, డోర్నకల్‌లో కాపురం పెట్టింది 1909లో. ఎడమ పేజీకీ కుడి పేజీకీ మధ్య ఏడేళ్లు. అందుకే పుస్తకం కొనేటప్పుడు కాస్త గట్టి అట్ట ఉన్నది చూసి కొనండి.