బ్రిస్టల్ రేవులోని ఆవిరి క్రేను

ప్రదర్శనశాలలలో మనము చూచు ప్రాచీన యంత్రములు సాధారణముగా కదలవు. ఇంగ్లండులోని బ్రిస్టల్ రేవులో గల ఒక క్రేను ఇందుకు భిన్నమైనది. 1878లో స్టోథర్ట్ అండ్ పిట్ సంస్థ నిర్మించిన ఈ యంత్రము ఆవిరి శక్తితో 35 టన్నుల బరువు నెత్తగలుగునట్లు రూపొందింపబడినది.

ఈ తరహా క్రేనునకు 1850లో పేటెంటు పొందినవాడు విలియం ఫెయిర్‌బెయిర్న్. అంతకు ముందు క్రేను చేయి ఏటవాలుగా నిలిపిన తిన్నని దూలము. పెద్ద బాయిలరు వంటి వస్తువు పైకి లేచునప్పుడు ఆ దూలమునకే తగులును. ఫెయిర్‌బెయిర్న్ ఆ చేతిని కొంగ మెడవలె వంచెను. వంపు క్రింద ఖాళీ ఏర్పడి, వస్తువును ఓడ మీదికి నిరాటంకముగా త్రిప్పుటకు వీలయ్యెను.

వంచిన చేతికి శ్రమ ఎక్కువ. బరువు వ్రేలాడునప్పుడు వంపు వెలుపలి వైపు సాగుటకును, లోపలి వైపు నలుగుటకును చూచును. నడుమ భాగమునకు ఆ బాధ తక్కువ. కావున ఇనుప రేకులను రివెట్లతో బిగించి, నడుమ డొల్లగా నుండు పెట్టెవలె చేతిని నిర్మించిరి. వెదురు బొంగు బలములోని రహస్యమును ఇట్టిదే. ఒత్తిడి మొదట ఎక్కువ, కొసకు తక్కువ గనుక చేయి కూడ మొదట లావుగా, కొసకు సన్నగా ఉండును. బోర్లపడకుండ మొదలును భూమిలోనికి లోతుగా దించిరి.

అయితే 1877లోనే నదీముఖమున ఏవన్‌మౌత్ రేవు తెరువబడుటచే పెద్ద ఓడలు క్రమముగా అటు మరలినవి. 1975లో బ్రిస్టల్ నగర రేవు వాణిజ్య నౌకలకు మూతపడినది. ఇక ఈ క్రేను పాత ఇనుము ధరకు తప్ప దేనికి పనికివచ్చును? నగరము వేరొక సమాధానము చెప్పినది. దానిని రక్షిత కట్టడముగా కాపాడి, మరమ్మతు చేసి, ప్రత్యేక దినములలో ఆవిరి పట్టించి ప్రజలయెదుట నడిపించిరి.

ఇందొక చిక్కు కలదు. యంత్రము నడచినచో అరుగును. అరిగిన భాగమును మార్చినచో అసలు లోహము కొంత పోవును. నడపనిచో లోహము మిగులును గాని విద్య పోవును. ఆవిరి ఎంత పట్టవలెను, బ్రేకు ఎప్పుడు వదలవలెను, ఏ చప్పుడు ఆరోగ్యము, ఏ చప్పుడు అపాయము అను సంగతులు గ్రంథములలో పూర్తిగా దొరకవు. ఉస్తాదు ప్రక్కన నిలిచి శిష్యుడు నేర్వవలసినవవి.

మన పట్టణములలోను తరము మారుటతో మూలబడిన పనిముట్లు ఎన్నియో కలవు. వాటిని చూచినప్పుడు విద్యార్థులు “ఇది ఎంత పాతది?” అని మాత్రమే అడిగి ఊరకుండరాదు. “దీనిని నడుపుట ఎరిగినవారు ఇంకను ఉన్నారా?” అనియు అడుగవలెను. ఉన్నచో, వారి వద్దకు వెళ్ళుటలో ఆలస్యము తగదు.