కంప్యూటర్‌లో బస్సు: ధర చూడాలా, పొందిక చూడాలా?

బస్సు అంటే మనకు ఆర్టీసీ బస్సే గుర్తుకొస్తుంది. కంప్యూటర్ లోపల కూడా ఒక బస్సు ఉంది. లాటిన్ భాషలో 'ఆమ్నిబస్' అంటే 'అందరికీ' అని అర్థం. రెండు బస్సులకూ ఆ మాట నుంచే పేరు వచ్చింది.

బస్సు అంటే ఏమి?
మదర్ బోర్డు మీద సన్నని రాగి గీతలు ఉంటాయి. ప్రాసెసర్‌కూ కార్డులకూ మధ్య సమాచారం ఈ గీతల మీదే పోతుంది, వస్తుంది. ఈ దారే బస్సు. కార్డు గుచ్చే పొడుగాటి గాడిని స్లాట్ అంటారు. బొమ్మ చూపే కార్డు, శబ్దం వినిపించే కార్డు ఇందులోనే పెడతారు.

అన్ని స్లాట్లూ ఒకటి కాదు. పాకాల నుంచి ధర్మవరం పోయే రైలు దారి ఒకప్పుడు మీటర్ గేజి. పట్టాల మధ్య 1000 మిల్లీమీటర్లు. బ్రాడ్ గేజికి 1676. ఆ రైలు ఈ పట్టాల మీద పోదు. కార్డులూ అంతే.

ఏ బస్సు ఎప్పుడు వచ్చింది?
1. 1981లో ఐ.బి.ఎం. పి.సి. వచ్చింది. దాని బస్సు ఒకసారికి 8 బిట్లు మోసేది. 1984లో 16 బిట్లు చేశారు. పాత స్లాట్‌కు ఇంకో ముక్క చేర్చినారు, అంతే. పాత కార్డులు చాలావరకు అందులో పనిచేసినాయి. దీన్నే తర్వాత ఐ.ఎస్.ఎ. అన్నారు.
2. 1987లో ఐ.బి.ఎం. మైక్రో చానెల్ తెచ్చింది. 32 బిట్లు, వేగం జాస్తి. కానీ పాత కార్డు పట్టదు. వేరే కంపెనీలు వాడాలంటే ఐ.బి.ఎం.కు దుడ్డు కట్టాలి.
3. 1988లో కాంపాక్‌తో కలిపి తొమ్మిది కంపెనీలు ఇ.ఐ.ఎస్.ఎ. ప్రకటించినాయి. పాత కార్డులూ పడతాయి, 32 బిట్లూ ఉన్నాయి. కానీ ధర ఎక్కువ. పెద్ద సర్వర్లకే మిగిలింది.
4. 1992లో వెసా లోకల్ బస్ వచ్చింది. చవక, వేగం. కానీ 486 ప్రాసెసర్‌కు కట్టేసినట్టు ఉండేది. పెంటియం వచ్చినాక మూలపడింది.
5. అదే 1992లో ఇంటెల్ పి.సి.ఐ. తెచ్చింది. 32 బిట్లు అంటే 4 బైట్లు. సెకనుకు 3 కోట్ల 33 లక్షల సార్లు. గుణిస్తే సెకనుకు సుమారు 13 కోట్ల 30 లక్షల బైట్లు!

పి.సి.ఐ. స్లాట్‌లో కూడా పాత కార్డు పట్టదు. మరి ఎట్లా గెలిచింది? చాలా ఏండ్లు ఒకే బోర్డు మీద పాత స్లాట్లు, కొత్త స్లాట్లు పక్కపక్కనే పెట్టినారు. పాత కార్డు పారేయకుండానే కొత్తది కొనుక్కోవచ్చు. ఒకే రకం ప్రాసెసర్‌కు కట్టుబడలేదు కూడా.

ఆ తర్వాత పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ వస్తా ఉంది. పేరు దగ్గరగా ఉన్నా పి.సి.ఐ. కార్డు ఇందులో పట్టదు.

మనం ఏమి చూడాలి?
మాయమ్మకు చదువు రాదు. అయినా గంప ధర చెప్పేటప్పుడు ఈతబర్రల ఖర్చుతో పాటు పోయివచ్చే చార్జీ, రెండు దినాల పని కూడా లెక్క వేస్తుంది. కంప్యూటర్‌కూ అట్లే లెక్క వేయాలి.

మొత్తం ఖర్చు = కార్డు ధర + బోర్డు మార్చాల్సివస్తే దాని ధర + పనికిరాకుండా పోయే పాత కార్డుల ధర.

కొనేముందు:
అ) మూత తీయించి ఏ స్లాట్ ఖాళీగా ఉందో చూడాలి.
ఆ) మన కంప్యూటర్‌కు ఆ కార్డు డ్రైవర్ దొరుకుతుందా అని అడగాలి. స్లాట్‌లో పట్టినా డ్రైవర్ లేకుంటే పని చేయదు.
ఇ) యు.ఎస్.బి.తో అయ్యే పని అయితే కార్డే అక్కరలేదు.

వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. మన బడికి ఎవరైనా పాత కంప్యూటర్ ఇస్తే ముందు ఈ మూడూ చూడండి. దాని ముందు కూర్చునే వంతు మాకు ఎప్పుడో ఒకసారి వస్తుంది. చవక అని తెచ్చిన కార్డు పట్టక అది గుడ్డ కప్పుకుని మూలన కూర్చుంటే ఆ వంతు కూడా పోతుంది.

— 9వ తరగతి విద్యార్థిని