నూటికి ఎన్ని పాళ్లు?

"కేన్సర్ మా వంశంలో ఉంది, నాకూ వస్తుందా?" అన్న ప్రశ్నకు అవుననీ కాదనీ జవాబు చెప్పడం కుదరదు. చెప్పగలిగింది సంభావ్యత మాత్రమే. దాన్ని మనిషికి బోధపడేట్లు చెప్పడమే జన్యు సలహాదారు పని. 'జెనెటిక్ కౌన్సెలింగ్' అన్న పేరు 1947లో అమెరికాలో షెల్డన్ రీడ్ పెట్టినది.

ముందు శాస్త్రం సంగతి చూద్దాం. రొమ్ము కేన్సర్లలో నూటికి 5 నుంచి 10 మాత్రమే వంశపారంపర్యమైనవి. వాటిలో ముఖ్యమైనవి బి.ఆర్.సి.ఎ.-1, బి.ఆర్.సి.ఎ.-2 జన్యువుల్లోని మార్పుల వల్ల వచ్చేవి. మొదటిది 17వ క్రోమోజోము మీద ఉందని 1990లో మేరీ-క్లేర్ కింగ్ బృందం చూపింది. రెండోది 13వ క్రోమోజోము మీద ఉంది. దెబ్బతిన్న డి.ఎన్.ఎ.ను బాగుచేయడానికి కావలసిన ప్రోటీన్లు వీటి నుంచే తయారవుతాయి. తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరికి మార్పు ఉన్నా, ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగం. తండ్రి వైపు నుంచి రాదనుకోవడం పొరపాటు.

ఇక చెప్పే తీరు. "మీకు ప్రమాదం అయిదు రెట్లు" అంటే గుండె గుభేలుమంటుంది గాని, దేనికి అయిదు రెట్లో తెలియదు. "మొదటి జన్యువులో మార్పు ఉన్న వందమంది స్త్రీలలో 80 ఏళ్లలోగా సుమారు 72 మందికి రొమ్ము కేన్సర్ వస్తుంది, 28 మందికి రాదు" అని రెండు వైపులా చెబితే మనసుకెక్కుతుంది. ఇది 2017లో వెలువడిన ఒక పెద్ద పరిశీలన లెక్క.

మా రైతుల ఇళ్లల్లో విత్తనం లెక్కా ఇట్లాంటిదే. వంద గింజల్లో డెబ్బై మొలుస్తాయని తెలిసినా, చేతిలోని ఈ గింజ మొలుస్తుందా అంటే ఎవరూ చెప్పలేరు. అట్లాగని లెక్క వ్యర్థమా? ఎకరానికి ఎంత విత్తనం వేయాలో తేల్చేది అదే గదా!

పరీక్షలో ఒక్కోసారి అర్థం తేలని మార్పు కనబడుతుంది. కేవలం దాన్ని చూసి ఆపరేషన్‌కు తొందరపడకూడదు. ఇంట్లో ఉన్న మార్పు తనకు లేదని తేలినా ప్రమాదం సున్నా కాదు, అందరికీ ఉండేంత ఉంటుంది. తరచు పరీక్షలా, మందులా, శస్త్రచికిత్సా అన్నది సలహాదారు నిర్ణయించడు. దారులు చూపుతాడు, ఎంచుకునేది ఆమే. 2013లో నటి ఏంజెలినా జోలీ శస్త్రచికిత్స ఎంచుకున్నట్లు స్వయంగా రాసింది. అదే స్థితిలో మరొకరు పరీక్షలే చాలనుకోవచ్చు.

అన్నిటికన్నా కష్టమైనది, ఈ మాట తోడబుట్టిన వాళ్లకు చెప్పడం. పెళ్లి కావలసిన పిల్లలున్న ఇంట్లో ఇట్లాంటి కబురు గడప దాటదు. కాని దాచితే సంబంధం నిలవవచ్చునేమో, చెల్లెలు సకాలంలో చేయించుకోవలసిన పరీక్ష మాత్రం తప్పిపోతుంది. జన్యువు తెచ్చేది అవకాశమే, తీర్పు కాదు. మన చదువు ఈ ఒక్క మాటను నాలుగిళ్లకు చేర్చినా సార్థకమే.